ఫోన్‌లో వీపీఎన్ ఎలా పెట్టాలి, ఎవరికి అక్కర్లేదు

రాజోలులో నాది సెల్‌ఫోన్ల షాపు. రీచార్జులు, డిస్‌ప్లే మార్చడం, పాత ఫోన్‌లోంచి కొత్త ఫోన్‌లోకి ఫొటోలు ఎక్కించడం, రోజూ ఇదే పని. వీటి మధ్యలో "వీపీఎన్ ఒకటి పెట్టి ఇవ్వండి" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఎందుకండీ అంటే దుబాయ్‌లో ఉన్న అమ్మాయితో వాట్సాప్‌లో మాట్లాడాలని ఒకరు, నెట్ స్పీడు పెరుగుతుందని ఒకరు, డేటా ఫ్రీగా వస్తుందట కదా అని ఇంకొకరు. ఆఫీసువాళ్లు పెట్టుకోమన్నారని వచ్చేవాళ్లు కొందరే. నిజంగా వీపీఎన్ కావాల్సింది ఆ కొందరికే. మిగతావాళ్లలో చాలామందిని పెట్టకుండానే పంపించేస్తాను. ఎందుకో ముందు చెప్పి, ఎలా పెట్టాలో తర్వాత చెప్తాను.

మామూలుగా మీరు ఫోన్‌లో ఒక సైటు తెరిస్తే, ఆ అడిగింది జియోకో ఎయిర్‌టెల్‌కో వెళ్లి, అక్కడి నుంచి సైటుకి చేరుతుంది. ప్రాక్సీ అంటే మధ్యలో ఇంకో కంప్యూటర్‌ని పెట్టుకుని దాని చేత అడిగించడం. సైటుకి మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్) బదులు ఆ కంప్యూటర్ అడ్రస్ కనిపిస్తుంది. అంతకుమించి దారిలో ఏదీ దానంతటది రహస్యం అయిపోదు. వీపీఎన్‌లో అయితే మీ ఫోన్ నుంచి ఆ మధ్య కంప్యూటర్ దాకా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే దారిలో ఎవరూ చదవలేని రూపంలోకి మారి వెళ్తుంది. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కుతున్న మనిషి చేతికి విడి కాగితం ఇస్తే ప్రాక్సీ, తాళం వేసిన పెట్టె ఇస్తే వీపీఎన్. పంటు మీద దాన్ని ఎవరూ చదవలేరు. కానీ అవతలి రేవులో ఆ పెట్టె తెరిచేది వీపీఎన్ కంపెనీ. మీరు ఏ సైట్లకి వెళ్తున్నారో ఇంతకుముందు సిమ్ కంపెనీకి తెలిసేది, ఇప్పుడు వీళ్లకి తెలుస్తుంది. బ్యాంకు పాస్‌వర్డ్ లాంటివి మాత్రం ఇద్దరికీ కనపడవు, ఎందుకంటే అడ్రస్ మొదట్లో హెచ్‌టీటీపీఎస్ అని ఉన్న సైట్లు ఎటూ సొంత తాళం వేసుకునే వస్తాయి. కాబట్టి "వీపీఎన్ లేకపోతే మీ ఫోన్‌పే ఖాళీ అయిపోతుంది" అని భయపెట్టే యాడ్ ఏదైనా చూస్తే పట్టించుకోకండి.

స్పీడు సంగతి. మీ దగ్గర టవర్ సిగ్నల్ ఒక గీతే ఉంటే వీపీఎన్ దాన్ని రెండు చెయ్యదు. పైగా ట్రాఫిక్ అంతా సింగపూరో నెదర్లాండ్సో చుట్టి వస్తుంది కాబట్టి ఇంకాస్త నెమ్మదిస్తుంది. లంక గ్రామాల నుంచి వచ్చేవాళ్లకి నేను చెప్పేది, ఏ సిమ్ మీ ఇంటి దగ్గర బాగా పట్టుకుంటుందో పక్కింటివాళ్ల ఫోన్‌లో చూసి పోర్ట్ చేసుకోండి అని. ఆ ఖర్చు వీపీఎన్ చందా కంటే చాలా తక్కువ.

నెట్ మొత్తం ఆపేసినప్పుడు కూడా అంతే. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమ అంతా మొబైల్ నెట్ ఆపేశారు, ఇంచుమించు రెండు వారాలు. అప్పుడు షాపుకి వచ్చి "వీపీఎన్‌తో తెప్పించండి" అన్నవాళ్లు చాలామంది. వీపీఎన్ కూడా నెట్ మీదే నడుస్తుంది, టవర్ డేటా ఇవ్వకపోతే అది చేసేదేమీ లేదు. అందుకే ఇంటి నుంచి పనిచేసుకునే పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదారి అవతలికి పోయారు. ఏదో ఒక సైటునో యాప్‌నో మాత్రమే ఆపిన చోట వీపీఎన్ పనిచేస్తుంది, మొత్తం ఆపిన చోట చెయ్యదు.

ఇక ఫ్రీ డేటా. కాలేజీ కుర్రాళ్లు టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి ఒక ఇంజెక్టర్ యాప్, దాంట్లోకి ఎక్కించే ఒక కాన్ఫిగ్ ఫైలు (సెట్టింగ్‌లు రాసి ఉన్న ఫైలు) తెచ్చుకుంటారు. సిమ్ కంపెనీ ఉచితంగా వదిలిన ఏదో సైటు పేరు పెట్టి దాని చాటున మొత్తం డేటా లాగే పద్ధతి అది. 2016 సెప్టెంబరులో జియో రాకముందు, ఎంబీల లెక్కన డబ్బులు కట్టే రోజుల్లో, ఇదే పని నోకియా ఫోన్లలో ఓపెరా మినీ హ్యాండ్లర్ (ఓపెరా మినీ బ్రౌజర్‌ని మార్చి చేసిన యాప్) పెట్టుకుని చేసేవాళ్లు. "ఆయ్, ఫ్రీయేనండి, ఫ్రెండు ఇచ్చాడు" అంటారు. ఇచ్చింది ఫ్రెండే కావచ్చు, ఆ ఫైల్లో రాసి ఉన్న సర్వర్ ఎవరిదో ఆ ఫ్రెండుకీ తెలియదు. మీ ఫోన్ నుంచి పోయే ప్రతిదీ ఆ తెలియని మనిషి కంప్యూటర్ మీదుగా పోతుంది. పైగా సిమ్ కంపెనీ దృష్టిలో అది దొంగతనం, సిమ్ బ్లాక్ చేసినా అడిగే నోరు ఉండదు. ఇది మాత్రం నా షాపులో ఎవరికీ పెట్టను.

గల్ఫ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మా వైపు గడపగడపకీ అక్కడ ఒకరు ఉంటారు కాబట్టి. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ మాత్రం వెళ్లవు. ఇక్కడ అమ్మగారి ఫోన్‌లో వీపీఎన్ పెట్టినా అక్కడ కాల్ ఎత్తేవాళ్ల నెట్‌వర్క్ మారదు, కాబట్టి ఉపయోగం లేదు. అక్కడున్నవాళ్లు పెట్టుకుంటే కాల్ కలవొచ్చు, కానీ అక్కడి చట్టం చూడండి. 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో, బయటపడకుండా ఉండటానికో ఐపీ అడ్రస్ మార్చితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా. కంపెనీ పనికి వీపీఎన్ వాడితే నేరం కాదు, ఆపేసిన కాల్స్ కోసం వాడితే ఏమవుతుందో తేల్చుకోవడానికి ఇంట్లో పనికి వెళ్లిన మన ఆడపిల్లని పణంగా పెట్టక్కర్లేదు. బోటిమ్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటి కాలింగ్ యాప్‌లు అక్కడ అనుమతి ఉన్నవే. అమ్మగారి ఫోన్‌లో బోటిమ్ వేసి, కాల్ బటన్ ఎక్కడుందో చూపించి పంపిస్తే పని అయిపోతుంది.

గల్ఫ్ నుంచి ఇంకో ఫోన్ వస్తుంది: "ఇక్కడ ఇండియా బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదు, వీపీఎన్ కావాలా బాబాయ్?" చాలాసార్లు అసలు గొడవ ఓటీపీది. ఇండియా సిమ్‌కి రోమింగ్ లేక మెసేజ్ రాదు. సిమ్ బతికి ఉండేలా రీచార్జ్ చేయించుకోండి, రోమింగ్ ఆన్ చేయించుకోండి. విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకులిచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి విదేశీ నంబర్‌తోనే యూపీఐ ఇచ్చే సదుపాయం 2023లో మొదలైంది. మొదటి జాబితాలోని పది దేశాల్లో యూఏఈ, ఒమన్, ఖతార్, సౌదీ ఉన్నాయి, కువైట్ లేదు. మీ బ్యాంకుని అడగండి.

ఇవన్నీ పోగా నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎవరంటే, ఆఫీసు సర్వర్‌లోకి వెళ్లాల్సినవాళ్లు, లాడ్జీలూ స్టేషన్ల వైఫైల మీద ఎక్కువగా పనిచేసేవాళ్లు, తాము చూసే సైట్ల పేర్లు సిమ్ కంపెనీకి తెలియడం ఇష్టం లేనివాళ్లు. మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు. జమ్మూకశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో మాత్రం కలెక్టర్లు ఎప్పటికప్పుడు నిషేధం ఉత్తర్వులు ఇస్తుంటారు, అటు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఏ యాప్ వేసుకోవాలి

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. ఇండియాలో సేవలిచ్చే వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, వాళ్లకిచ్చిన ఐపీ లాంటి వివరాలు 5 ఏళ్లు దాచాలని. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ లాంటివి ఇండియాలో ఉన్న సర్వర్లని తీసేశాయి. కొన్ని యాప్‌ల్లో ఇప్పటికీ "ఇండియా" అని కనిపిస్తుంది, ఐపీ ఇండియాదే, మెషీన్ మాత్రం సింగపూర్‌లాంటి చోట ఉంటుంది. డేటా సింగపూర్ వెళ్లి వస్తుంది కాబట్టి వీడియో కాల్‌లో మాట కొంచెం ఆలస్యంగా వినిపించడం మామూలే.

ప్లే స్టోర్‌లో "ఫ్రీ వీపీఎన్" అని కొడితే కుప్పలు తెప్పలుగా వస్తాయి. సర్వర్ నడపడానికి డబ్బు కావాలి, మీరు కట్టకపోతే ఇంకెవరో కడుతున్నారు. ఒనావో అనే వీపీఎన్‌ని 2013లో ఫేస్‌బుక్ కొనుక్కుని, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో దాని ద్వారా చూసుకుంది. 2018లో ఆపిల్ దాన్ని స్టోర్‌లోంచి తీయించింది. హోలా అనేది తన ఫ్రీ వాడకందార్ల కనెక్షన్లనే ఇంకొకరికి అమ్ముతోందని 2015లో బయటపడింది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ పట్టుకున్న 911 ఎస్5 అనే ప్రాక్సీ అద్దె దందా ఇంకా ఘోరం. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఉచిత వీపీఎన్‌లు వేసుకున్నవాళ్ల విండోస్ కంప్యూటర్లే నేరగాళ్లకి అద్దె ప్రాక్సీలుగా మారిపోయాయి, అలా వాడుకున్న ఐపీ అడ్రస్‌లు కోటీ 90 లక్షల పైమాటే. ఎవరో చేసిన మోసం మీ ఐపీ మీద నమోదైతే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

డబ్బు పెట్టలేనివాళ్లకి నేను వేసేది ప్రోటాన్ వీపీఎన్ ఫ్రీ ప్లాన్. డేటాకి పరిమితి లేదు, యాడ్స్ లేవు, డబ్బు కట్టేవాళ్ల నుంచి కంపెనీకి ఆదాయం వస్తుంది. ఫ్రీలో దేశం మనం ఎంచుకోలేం, ఒక్క ఫోన్‌లోనే నడుస్తుంది. అది చాలు. ఓపెరా బ్రౌజర్‌లో ఉన్న "ఫ్రీ వీపీఎన్" ఆ బ్రౌజర్‌లో తెరిచిన సైట్లకే పనిచేస్తుంది, వాట్సాప్‌కీ మిగతా యాప్‌లకీ కాదు. 2025 జనవరిలో ప్రభుత్వ ఆదేశంతో కొన్ని వీపీఎన్ యాప్‌లు ఇండియా స్టోర్లలోంచి పోయాయి. స్టోర్‌లో లేని యాప్‌ని మాత్రం వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలుతో (స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించే ఫైలు) వేసుకోకండి, ఇంకోటి వెతుక్కోండి.

పెట్టే పద్ధతి

యాప్ వేశాక అకౌంట్ చేసి లాగిన్ అవ్వండి. మొదటిసారి కనెక్ట్ నొక్కగానే ఆండ్రాయిడ్ ఒక పెట్టె చూపిస్తుంది, ఈ యాప్ మీ నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని గమనించగలదు, ఒప్పుకుంటారా అని. వీపీఎన్‌కి ఇది ఇవ్వాల్సిందే. కాంటాక్టులు, మెసేజ్‌లు, కాల్ లాగ్ కూడా అడిగితే ఆ యాప్ వెంటనే తీసెయ్యండి, వాటితో దానికి పని లేదు. కనెక్ట్ అయ్యాక పైన టైం పక్కన చిన్న తాళంచెవి గుర్తు వస్తుంది. గుర్తుని చూసి నమ్మకుండా, వీపీఎన్ ఆపి గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని కొట్టి నంబర్ చూసుకోండి, తర్వాత ఆన్ చేసి మళ్లీ చూడండి. రెండూ వేరుగా ఉండాలి. జియోలో ఐపీవీ6 అడ్రస్ కూడా ఉంటుంది, పొడవుగా అక్షరాలూ అంకెలూ కలిసి కనిపించేది. అదీ మారిందో లేదో చూడండి, పాతదే కనిపిస్తే ఆ వీపీఎన్ సగమే పనిచేస్తున్నట్టు.

తర్వాత స్ప్లిట్ టన్నెలింగ్ అనే సెట్టింగ్ వెతకండి, ఏ యాప్ వీపీఎన్ మీదుగా వెళ్లాలో ఏది వెళ్లక్కర్లేదో ఎంచుకునేది అది. అందులో మీ బ్యాంకు యాప్‌లు, ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి వీపీఎన్ బయట ఉంచండి. కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ కనిపిస్తే తెరుచుకోవు, కొన్ని విదేశీ ఐపీ చూసి లాగిన్ ఆపేస్తాయి. కిరాణా కొట్టు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు వెళ్లక తెగ టెన్షన్ పడేవాళ్లలో కొందరి ఫోన్‌లో ఆన్‌లో మర్చిపోయిన వీపీఎన్ ఉంటుంది. మీ యాప్ ఫ్రీ ప్లాన్‌లో ఈ సదుపాయం లేకపోతే, డబ్బు పంపేముందు వీపీఎన్ ఆపి పంపండి.

షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఇంకో పని ఉంది. స్క్రీన్ ఆరగానే బ్యాటరీ ఆదా పేరుతో అవి వీపీఎన్‌ని చంపేస్తాయి. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి బ్యాటరీని "నో రెస్ట్రిక్షన్స్" చేసి, ఆటోస్టార్ట్ ఆన్ చెయ్యండి.

ఆఫీసువాళ్లు ఇచ్చే వీపీఎన్ తరచుగా ఈ మూడు రకాల్లో ఒకటి ఉంటుంది. వైర్‌గార్డ్ అయితే ఒక క్యూఆర్ కోడో, కాన్ఫ్ అనే ఫైలో ఇస్తారు. వైర్‌గార్డ్ యాప్‌లో ప్లస్ గుర్తు నొక్కి స్కాన్ చేసి పేరు పెట్టి స్విచ్ వేస్తే అయిపోయింది. 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్లోనే చేరిపోయిన పద్ధతి ఇది, తేలికైనది. రాజోలు నుంచి రాజమండ్రి బస్సులో వెళ్తూ టవర్లు మారుతున్నా తెగిపోకుండా మళ్లీ అందుకుంటుంది, నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం. ఓపెన్‌వీపీఎన్ అయితే ఓవీపీఎన్ ఫైలు ఇస్తారు, దాన్ని ఓపెన్‌వీపీఎన్ కనెక్ట్ యాప్‌లో ఇంపోర్ట్ చెయ్యాలి. ఐకెఈవీ2 అయితే ఫోన్‌లోనే ఉంటుంది, వేరే యాప్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద వీపీఎన్, శాంసంగ్‌లో అయితే కనెక్షన్స్, మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. ఐఫోన్‌లో జనరల్ కింద. పాత ఆఫీసుల్లో ఇప్పటికీ పీపీటీపీ, ఎల్2టీపీ వివరాలు ఇస్తుంటారు, ఆండ్రాయిడ్ 12 నుంచి వాటిని కొత్తగా పెట్టుకునే వీల్లేదు. కాబట్టి "మీ ఫోన్ పాడైంది" అని ఆఫీసువాళ్లు అంటే ఒప్పుకోకండి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్లు ఒకటి గమనించాలి. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌లో వేసిన వీపీఎన్ మామూలుగా హాట్‌స్పాట్‌కి వర్తించదు. లాప్‌టాప్‌లో విడిగా వేసుకోవాల్సిందే.

వైర్‌గార్డ్ కనెక్ట్ అయినట్టు చూపించి, వాట్సాప్ మెసేజ్ వెళ్లి, సైట్లు మాత్రం సగంలో ఆగిపోతుంటే ఎంటీయూ (ఒక్కసారికి పంపే డేటా ముక్క ఎంత పెద్దదో చెప్పే అంకె) చూడండి. ఎడిట్‌లోకి వెళ్లి ఆ గడిలో 1280 రాసి చూడండి. మొబైల్ డేటా మీద ఈ ఒక్క మార్పుతో బాగుపడ్డ ఫోన్లు చాలా చూశాను. అసలు కనెక్టే కాకపోతే ఫోన్ తేదీ, టైం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి తేదీ వెనక్కి పోయిన ఫోన్‌లో ఏ వీపీఎన్నూ లేవదు.

రాజమండ్రి స్టేషన్‌లో రైల్‌వైర్ వైఫై లాంటివాటికి ముందు వీపీఎన్ ఆపి, ఓటీపీ పేజీలో లాగిన్ అయ్యాకే ఆన్ చెయ్యండి. ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకున్నవాళ్లకీ ఆ పేజీ రాదు, అది కూడా కాసేపు ఆటోమేటిక్‌కి మార్చాలి. ప్రైవేట్ డీఎన్ఎస్ అంటే ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న సెట్టింగ్. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో "డీఎన్ఎస్ చుక్క గూగుల్" అని రాసుకుంటే సైట్ల పేర్లు వెతికే పని ఎన్‌క్రిప్ట్ అయి జరుగుతుంది. ఐపీ మారదు, స్పీడు తగ్గదు, బ్యాంకు యాప్‌లతో పేచీ ఉండదు. వీపీఎన్ కావాలని వచ్చినవాళ్లలో కొందరికి నేను ఇదొక్కటే పెట్టి పంపిస్తాను.

ప్రాక్సీ

కాలేజీ హాస్టల్లోనో ఆఫీసులోనో ప్రాక్సీ వివరాలు ఇస్తే వైఫైలో ఆ నెట్‌వర్క్ పేరు నొక్కి, ఎడిట్, అడ్వాన్స్‌డ్, ప్రాక్సీ, మాన్యువల్ అని వెళ్లి హోస్ట్, పోర్ట్ రాయాలి. పోర్ట్ ఎక్కువగా 8080, సాక్స్ అనే ఇంకో రకం ప్రాక్సీకి 1080. కానీ వైఫైలోని ఈ గడి హెచ్‌టీటీపీ ప్రాక్సీకే, సాక్స్‌కి వేరే యాప్ కావాలి. బ్రౌజర్ ఈ సెట్టింగ్‌ని పాటిస్తుంది, చాలా యాప్‌లు పాటించవు. ఆ ఒక్క వైఫైకే సేవ్ అవుతుంది కాబట్టి ఇంటికొచ్చాక తీసెయ్యక్కర్లేదు. యూట్యూబ్‌లో చూసి ఏపీఎన్ సెట్టింగ్స్‌లో (సిమ్ డేటా ఏ దారిలో వెళ్లాలో రాసి ఉండే చోటు) ప్రాక్సీ రాసుకున్నవాళ్లది వేరే కథ. వారం తర్వాత ఆ ప్రాక్సీ చచ్చిపోతుంది, డేటా ఆన్‌లోనే ఉంటుంది, సైటు ఒక్కటీ తెరుచుకోదు. ఫోన్ రిపేరుకొచ్చిందని నా దగ్గరికి వస్తారు. ఏపీఎన్‌లోకి వెళ్లి, మూడు చుక్కలు నొక్కి "రీసెట్ టు డిఫాల్ట్" కొట్టండి. జియోకి జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్ అని కనిపించాలి, ప్రాక్సీ, పోర్ట్ గడులు ఖాళీగా ఉండాలి.

ఇలాంటిదే ఇంకోటి, "ఆల్వేస్ ఆన్", "బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్" అనే రెండు స్విచ్‌లు. వీపీఎన్ తెగినప్పుడు డేటా విడిగా బయటికి పోకుండా ఆపుతాయి, ఆఫీసు పనికి మంచివే. కానీ వీపీఎన్ చందా అయిపోయిన రోజున నెట్ మొత్తం ఆగిపోతుంది, రీచార్జ్ పోయిందనుకుని మళ్లీ రీచార్జ్ చేయించుకుంటారు. ముందు సెట్టింగ్స్‌లో వీపీఎన్ పక్కన ఉన్న చక్రం గుర్తు నొక్కి ఆ రెండూ ఆపి చూడండి. ఒకసారికి ఒక్క వీపీఎన్నే నడుస్తుంది కాబట్టి యాడ్ బ్లాకర్ యాప్ ఏదైనా ఆ స్థానం పట్టుకుని కూర్చుంటే దాన్నీ ఆపాలి. వీపీఎన్ ఇక వద్దనుకుంటే ముందు డిస్‌కనెక్ట్ చేసి, అదే పేజీలో "ఫర్గెట్" నొక్కి, ఆ తర్వాత యాప్ తీసెయ్యండి. ఐఫోన్‌లో అయితే జనరల్‌లో వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ప్రొఫైల్ కూడా మిగల్లేదని చూసుకోండి.